హృదయ కవాటములు – రక్తపు ప్రతిప్రవాహము

హృదయమునందలి కవాటములు మూసికొనవలసిన క్షణమున సంపూర్ణముగా మూసికొనక, ముందునకు సాగిపోవలసిన రక్తములో కొంతభాగమును అది విడిచివచ్చిన గదిలోనికే మరల జారవిడుచు రోగస్థితికి కవాట ప్రతిప్రవాహమని పేరు. జనులు దీనినే వాల్వు లీకు అందురు. సంపన్న దేశములయందు ఇది ప్రధానముగా వార్ధక్యమున వచ్చు వ్యాధి. మన దేశమునందో, బడికి పోవు వయసున గొంతునొప్పితో బీజము పడి, పెండ్లియీడున ఆయాసముగా బయటపడి, సంసారమును మోయవలసిన వయసున మనిషిని మంచము పట్టించు వ్యాధిగా ఇది చిరకాలమునుండి ఉన్నది. ఉత్తర తెలంగాణమున మానేరు గోదావరుల నడిమి సీమయందలి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల పరిసరములను దృష్టియందుంచుకొని, ఈ వ్యాధి పుట్టుక, నడక, చికిత్స, నివారణములు ఇచట వివరింపబడుచున్నవి.

కవాటముల నిర్మాణము

మానవ హృదయమున నాలుగు గదులును నాలుగు కవాటములును గలవు. పైనున్న రెండు గదులు కర్ణికలు, క్రిందనున్న రెండును జఠరికలు. కుడి కర్ణికకును కుడి జఠరికకును నడుమ త్రిపత్ర కవాటమును, ఎడమ కర్ణికకును ఎడమ జఠరికకును నడుమ ద్విపత్ర కవాటమును, కుడి జఠరికనుండి ఊపిరితిత్తులకు పోవు మార్గమున పుపుస ధమనీ కవాటమును, ఎడమ జఠరికనుండి సర్వశరీరమునకు రక్తమును కొనిపోవు బృహద్ధమని మొదట బృహద్ధమనీ కవాటమును ఉన్నవి. ద్విపత్రమును వైద్యులు మైట్రల్ అనియు, బృహద్ధమనీ కవాటమును అయోర్టిక్ అనియు నందురు. రోగుల చేతిలోని కాగితములపై కనబడు మాటలు అవియే. విశ్రాంతిగా నున్న వయోజనుని హృదయము నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొనుచు, ప్రతి స్పందనమునను ఇంచుమించు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటికి నెట్టుచు, నిమిషమునకు సుమారు 5 లీటర్లను, దినమునకు సుమారు 7,000 లీటర్లను నడిపించుచున్నది. ఈ లెక్కన ఒక్కొక్క కవాటము దినమునకు లక్ష పర్యాయములు తెరచుకొని మూసికొనవలసియున్నది.

కవాటములకు స్వయముగా చలించు శక్తి లేదు. ముందువెనుకల ఒత్తిళ్ళలోని తేడాయే వానిని తెరచి మూయుచుండును. ఎడమ జఠరిక సంకోచించునపుడు అందలి ఒత్తిడి పాదరస మానమున 120 మిల్లీమీటర్ల వరకు పెరుగును. దానికి మీదనున్న కర్ణికలోని ఒత్తిడి 10కి అటునిటుగా మాత్రమే యుండును. ఇంతటి వ్యత్యాసమును పలుచని రెండు రేకులు ఎదిరించి నిలువవలెను గనుక, ప్రకృతి వానిని ఒంటరిగా విడువక, వాని అంచులను సన్నని స్నాయుతంతువులతో జఠరిక లోపలి కండరస్తంభములకు బంధించి, మొదళ్ళను దృఢమైన వలయమున కుదిర్చినది. వలయము సాగినను, రేకు ముడుచుకొనినను, తంతువు తెగినను, స్తంభము బలహీనపడినను, జఠరికయే ఉబ్బి స్తంభములను దూరముగా లాగినను ఫలితమొక్కటే: రేకుల అంచులు కలిసికొనవు, సందు మిగులును, ఆ సందున రక్తము వెనుకకు చిమ్మును. కావున ద్విపత్ర కవాటపు లీకును ఒకే వ్యాధి యనుటకంటె పలు వ్యాధుల పర్యవసానమనుట సమంజసము. బృహద్ధమనీ కవాటమునకు తంతువులు లేవు. మూడు అర్ధచంద్రాకారపు రేకులును, వాని వెనుక ధమని గోడలో మూడు గుంటలును మాత్రమే కలవు. ఆ గుంటలలో రక్తము సుళ్ళు తిరిగి రేకులను మూతకు సిద్ధపరచునని లియొనార్డో డా విన్సీ 16వ శతాబ్దపు తొలినాళ్ళలోనే బొమ్మలు గీచి యూహించెను. ఆ యూహ సత్యమని 20వ శతాబ్దపు ప్రయోగములు తేల్చినవి.

రక్తము ఈ ద్వారముల గుండ ఒక దిక్కునకే పోవునను సంగతి క్రీ.పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమునందలి ఎరాసిస్ట్రాటస్ ఎరిగియుండెను. 1628లో విలియం హార్వే రక్తము శరీరమున పరిభ్రమించుచున్నదని నిరూపించినపుడు కవాటముల ఏకముఖత్వమే ఆతని వాదమునకు పెట్టనికోట యయ్యెను. 1816లో ఫ్రాన్సునందు లెన్నెక్ స్టెతస్కోపును కనిపెట్టిన పిమ్మట, జీవించియున్న మనుష్యుని కవాటములను వినుటకు వీలుకలిగినది. 1832లో డబ్లిను నగరమున డొమినిక్ కారిగన్ బృహద్ధమనీ కవాటపు లీకును విపులముగా వర్ణించెను. లీకును కన్నులార చూచుటకు మాత్రము మరి నూరు సంవత్సరములకు పైగా పట్టినది. 1953లో స్వీడనులోని లుండ్ నగరమున ఇంగే ఎడ్లర్, హెల్ముత్ హెర్ట్జ్ అనువారు శబ్దతరంగముల ప్రతిధ్వనులతో హృదయ చలనమును నమోదు చేసిరి. నేటి ఎకో పరీక్షకు మూలము అది.

గొంతునుండి గుండెకు

స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అను సూక్ష్మజీవి పిల్లల గొంతునకు సోకి, నొప్పియు జ్వరమును కలిగించి, కొలది దినములలో తనంతట తగ్గిపోవును. ఇంటివారు దానిని మరచిపోదురు. రెండు మూడు వారములు గడచిన పిమ్మట, కొందరు పిల్లలలో, ఆ జీవిని ఎదుర్కొనుటకు శరీరము సిద్ధపరచుకొనిన రక్షణశక్తియే దారితప్పును. సూక్ష్మజీవి పైపొరలోని మాంసకృత్తులకును హృదయమునందలి కణజాలమునకును పోలిక యుండుటచే, శరీరము తన గుండెనే శత్రువుగా నెంచి దానిపై బడును. ఇదియే కీళ్ళవాత జ్వరము, వైద్యుల భాషలో రుమాటిక్ ఫీవరు. 5 మొదలు 15 సంవత్సరముల లోపు వారికి ఇది విశేషముగా వచ్చును. మోకాలు వాచి, తాకనీయనంతగా నొచ్చి, రెండు మూడు దినములలో అది తగ్గుచుండగనే చీలమండకును, అటుపై మోచేతికిని మారుచు, ఆస్పిరిను వంటి మాత్ర పడగనే ఆశ్చర్యకరముగా శమించును. ఈ శీఘ్రోపశమనమునందే మోసమున్నది. కీళ్ళు మచ్చయైనను మిగులక మానిపోవును. అదే కాలమున కవాటపు రేకులలో పుట్టిన వాపు మాత్రము మానుచు మానుచు రేకులను మందముగను, పొట్టిగను, ముడుతలుగను మార్చును. నొప్పి పోయినది గనుక బిడ్డకు నయమైనదని తల్లిదండ్రులు తలంతురు. అమెరికా వైద్యుడు డకెట్ జోన్స్ ఈ జ్వరమును గుర్తించుటకు 1944లో ఏర్పరచిన లక్షణావళియే సవరణలతో నేటికిని వాడుకలో నున్నది. అందు గుండె వాపు, కీళ్ళ వాపు, చేతులు కాళ్ళు తమంతట చలించు కొరియా అను అవస్థ ముఖ్యములు.

ద్విపత్ర కవాటము ఈ దాడికి మొదట లోనగును. పిదప బృహద్ధమనీ కవాటము. బాల్యమున ఇది లీకుగా కనబడి, ఏండ్లు గడచినకొలది, మరల మరల జ్వరము తగిలినకొలది, రేకుల అంచులు అతుకుకొని ద్వారమే ఇరుకగును. అందుచే పలువురు రోగులలో లీకును ఇరుకుతనమును కలిసియే యుండును.

ఈ జ్వరము ఇరుకిండ్లను, ఒక గదిలో పలువురు నిద్రించు కుటుంబములను వెదకికొని పోవును. ఏలన, గొంతులోని సూక్ష్మజీవి తుమ్ము, దగ్గుల తుంపరలతో దగ్గరివారికి సోకును. సంపన్న దేశములలో పెన్సిలిను విరివిగా వాడుకలోనికి రాకమునుపే, ఇండ్లు విశాలమై, జీవనము మెరుగైనకొలది ఈ వ్యాధి తగ్గుముఖము పట్టినదను సంగతి గమనింపదగినది. సిరిసిల్లలో సాంచాల మీద రాత్రింబవళ్ళు బట్ట నేయు కార్మికుల ఇండ్లను, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములందంతటను చాట నొడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీల ఇండ్లను ఎరిగినవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఆ వృత్తులు కవాటమును చెరుపవు. పత్తిదుమ్ముగాని పొగాకుదుమ్ముగాని గుండె రేకులను తాకజాలదు. కాని అవి వేరొక విధమున కీడు చేయుచున్నవి. ముప్పది యేండ్ల స్త్రీకి బిందె ఎత్తుకొని నాలుగడుగులు వేయగనే దమ్ము వచ్చినచో, అది బీడీ దుమ్ము వలన వచ్చినదని ఇంటిల్లిపాదియు తీర్మానింతురు; సాంచాల కార్మికుడు రాత్రి పరుండలేక లేచి కూర్చుండినచో, కార్ఖానా దుమ్ము ఊపిరితిత్తులను పట్టినదందురు. కారణము చేతికి అందుబాటులో నున్నపుడు మరియొక కారణమును వెదకువారు అరుదు. ఈ ప్రాంతమున కవాటపు లీకు చాలకాలము మరుగుపడియుండుటకు ఈ తొందరపాటు నిర్ణయము ఒక ముఖ్యహేతువని ఈ వ్యాసకర్త యభిప్రాయము. దమ్ము వచ్చు ప్రతివాని ఛాతిపై ఒక్కసారి స్టెతస్కోపును నిదానముగా ఉంచి వినినగాని దుమ్మునకును గుండెకును గల భేదము తెలియదు.

ఇతర కారణములు

పుట్టుకతోడనే బృహద్ధమనీ కవాటమునకు మూడు రేకులకు బదులు రెండే యుండుట నూటికొకరిద్దరిలో కనబడును. వీరిలో కొందరికి నడివయసున లీకు ఏర్పడును. ద్విపత్రపు రేకులు మెత్తబడి సాగి, కర్ణిక వైపునకు ఉబికిపోవు స్థితిని 1960ల దశకమున జొహనెస్‌బర్గ్ వైద్యుడు జాన్ బార్లో విశదపరచెను; ఇది పలువురిలో నిరపాయకరము. గుండెపోటు వలన కండరస్తంభము తెగినను, రక్తములో తిరుగు సూక్ష్మజీవులు కవాటముపై గూడుకట్టి రేకును చిల్లిపరచినను లీకు హఠాత్తుగా వచ్చి, గంటలలో ప్రాణము మీదికి తెచ్చును. అధిక రక్తపోటుచే బృహద్ధమని మొదలు సాగుట, గుండె కండరము బలహీనపడి జఠరిక ఉబ్బుట, పూర్వకాలమున సవాయి రోగము (సిఫిలిస్) మున్నగునవియు కారణములు. త్రిపత్ర కవాటపు లీకు చాలవరకు ఎడమవైపు రోగమునకు అనుబంధముగా వచ్చునదే.

నిశ్శబ్దకాలము

లీకు క్రమక్రమముగా ఏర్పడునపుడు హృదయము చూపు ఓరిమి విస్మయకరమైనది. స్పందనమునకు 60 మిల్లీలీటర్లు వెనుకకు పోవుచుండగా, దేహమునకు చేరవలసిన 70 మిల్లీలీటర్లు తగ్గకుండుటకై ఎడమ జఠరిక 130 మిల్లీలీటర్లను నెట్టవలసివచ్చును. అందులకై అది విశాలమై, గోడలను పెంచుకొని, ఎడమ కర్ణికయు సాగి, వెనుకకు వచ్చిన రక్తమును తన యొత్తిడి పెరుగనీయక ఇముడ్చుకొనును. బావి మోటారునకు నీటి యడుగున బిగించిన ఫుట్ వాల్వు చెడినపుడు, మోటారు ఆగినపుడెల్ల ఎక్కిన నీరు పైపు వెంట బావిలోనికే జారిపోవును గనుక, ఎత్తిన నీటినే మరల మరల ఎత్తవలసివచ్చుట రైతులెరిగినదే; గుండె పడు శ్రమయు అట్టిదే. ఇట్లు పది సంవత్సరములు, ఒక్కొకప్పుడు అంతకు మించియు, మనిషి పొలము పనియు, మగ్గము పనియు చేసికొనుచు తనకు రోగమున్నదను తలంపే లేక కాలము గడపును. ఆ పిమ్మట జఠరిక అలసిపోవును. ఒకసారి కండరము సడలిన తరువాత కవాటమును బాగుచేసినను పోయిన బలము పూర్తిగా తిరిగిరాకపోవచ్చును. లక్షణములు కనబడుటకును, కండరము చెడుటకును నడుమ వ్యవధి స్వల్పము. కొందరిలో రెండవదే ముందు జరుగును.

ఇక ఎడమ కర్ణిక మితిమీరి ఉబ్బినపుడు దాని లయ తప్పి, నాడి అస్తవ్యస్తముగా కొట్టుకొనును. కదలిక చాలని రక్తము అచట గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును. ముప్పది, నలుబది యేండ్లలో పక్షవాతము వచ్చిన మనిషికి మూలము గుండె కవాటమునందుండుట మన యాసుపత్రులలో అపూర్వము కాదు. ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరిగి గుండె కుడిభాగమును అలసినచో త్రిపత్రము సాగి కారును. కాళ్ళు ఉబ్బును, పొట్ట నిండును, ఆకలి చచ్చును.

పరీక్ష

అనుభవజ్ఞుడైన వైద్యుడు బృహద్ధమనీ లీకును పలుమారులు చేతివ్రేళ్ళతోడనే పట్టుకొనును. రోగి ముంజేతిని తన యరచేతితో చుట్టి పట్టుకొని, ఆ చేతిని తలకంటె ఎత్తునకు లేపును. నాడి ఒక్కసారిగా బలముగా తన్ని, మరుక్షణమే అరచేతి క్రిందినుండి జారిపడిపోవును. దీనికి కారిగన్ నాడియని పేరు. రక్తపోటును కొలిచినచో పై అంకె 160, క్రింది అంకె 40 అన్నట్లుండును. ఏలన, ధమనిలో నిలువవలసిన రక్తము జఠరికలోనికి తిరిగి జారిపోవుటచే విశ్రాంతికాలపు ఒత్తిడి పడిపోవును. కంఠమునందలి ధమనులు దూరమునుండియే ఎగురుచు కనబడును. ఫ్రెంచి కవి ఆల్ఫ్రెడ్ డి మ్యూస్సే తల ఈ రోగముచే నాడితోపాటు ఊగుచుండెనను కారణమున ఆ చిహ్నమునకు ఆతని పేరే నిలిచినది. రోగిని ముందునకు వంగి కూర్చుండుమని, ఊపిరి విడిచి ఆపుమని, రొమ్ము ఎముక ఎడమ అంచున వినినచో, రెండవ ధ్వని వెంటనే మొదలై సన్నగిల్లిపోవు ఊదుడు శబ్దము చెవిని పడును. ద్విపత్రపు లీకులో శబ్దము రొమ్ము క్రింద ఎడమవైపున, సంకోచకాలమంతటను వ్యాపించి, చంకవైపునకు సాగును. ఈ శబ్దములను మర్మరములందురు. వీనిని వినుటకు నిశ్శబ్దమైన గది కావలెను. సాంచాల చప్పుడు ఎడతెగక వినవచ్చు వీధులలో వైద్య శిబిరము పెట్టువారు ముందుగా ఆలోచింపవలసినది ఇదియే.

నిర్ధారణ ఎకో పరీక్షది. డాప్లర్ పద్ధతి వెనుకకు పోవు రక్తపు చిమ్మును రంగులలో చూపి, దాని వెడల్పును, పరిమాణమును కొలుచును. స్పందనమునకు 60 మిల్లీలీటర్లు లేక అంతకు మించి, లేదా జఠరిక నెట్టిన రక్తములో సగమునకు తగ్గక వెనుకకు పోయిన లీకును తీవ్రమందురు. జఠరిక సంకోచించి యున్నపుడు దాని వ్యాసమును, అది నెట్టు రక్తపు శాతమును కొలిచి, శస్త్రచికిత్సకు సమయమును నిర్ణయింతురు: ద్విపత్రపు తీవ్రలీకులో ఆ శాతము 60కి దిగినను, వ్యాసము 40 మిల్లీమీటర్లకు చేరినను, రోగికి ఏ బాధయు లేకపోయినను ఆలస్యము తగదు. ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఎకో కాగితముపై ‘ట్రివియల్’ అని వ్రాసియున్న త్రిపత్రపు లీకు ఆరోగ్యవంతులలో అధికసంఖ్యాకులకు ఉండునదే. దానిని జూచి గుండె చెడినదని అన్నము మాని కుమిలిపోవుట నిష్కారణ దుఃఖము. అట్లని, చిన్నతనమున కీళ్ళవాపు వచ్చిన బిడ్డ కాగితముపై ‘మైల్డ్’ అని యున్న ద్విపత్రపు లీకును అదే విధముగా త్రోసిపుచ్చరాదు. మాటయొకటే యైనను, ఎవరి గుండెయందున్నదో చూచి విలువ కట్టవలెను.

చికిత్స

ఔషధములు లీకును మూయవు. మూత్రము జారీచేయు మందులు ఊపిరితిత్తుల యందలి నీటిని తగ్గించి ఆయాసమును ఉపశమింపజేయును. రక్తపోటును తగ్గించు మందులు బృహద్ధమనీ లీకులో కొంత మేలు చేయును. లయ తప్పినవారికి గుండె వేగమును అదుపుచేయు మందులును, రక్తము గడ్డకట్టనీయని మందులును ఈయవలెను. అసలు చికిత్స శస్త్రమే. 1952లో వాషింగ్టనున ఛార్లెస్ హఫ్‌నేగల్, గుండెను తెరచుటకు సాధనము లేని ఆ దినములలో, లీకైన కవాటమును అంటక, దిగువ బృహద్ధమనిలో బంతి కవాటము నొకదానిని అమర్చి రోగిని రక్షించెను. మరుసటి సంవత్సరము జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రముతో విజయము సాధించుటతో, గుండెను ఆపి, విప్పి, సరిచేయుటకు దారి తెరచుకొన్నది. 1960లో ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లొవెల్ ఎడ్వర్డ్స్‌తో కలిసి రూపొందించిన కవాటమును ద్విపత్ర స్థానమున నిలిపెను. ఉన్న కవాటమునే బాగుచేయు విద్యకు ఫ్రాన్సునందలి అలెన్ కార్పెంతియె ఆద్యుడు. సాగిన వలయమునకు లోహపు టుంగరమును కుట్టి, అధికమైన రేకును కత్తిరించి, తెగిన తంతువును తిరిగి నెలకొల్పు పద్ధతులను ఆయన శాస్త్రబద్ధము గావించెను. మరమ్మతు సాధ్యమైనంతవరకు మార్పిడి కంటె మేలు. ఏలన సొంత కవాటము నిలిచియున్నచో జఠరిక బలము నిలుచును, జీవితాంతము మందు మ్రింగు బాధ తప్పును. కీళ్ళవాతముచే మందమై ముడుచుకొనిన రేకులను మరమ్మతు చేయుట కష్టతరమగుటచే మన రోగులలో మార్పిడియే అధికము. తొడ రక్తనాళము గుండ గొట్టమును పంపి రేకుల అంచులను క్లిప్పుతో జతపరచు పద్ధతి 2003నుండి మనుష్యులపై ప్రయోగింపబడుచున్నది. అది ముఖ్యముగా వృద్ధులకును, శస్త్రమునకు తాళలేనివారికిని ఉద్దేశింపబడినది.

విదేశములనుండి తెప్పించు కృత్రిమ కవాటములు మన పేదలకు అందనివై యుండిన కాలమున, తిరువనంతపురమునందలి శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వమున ఇంజనీరు భువనేశ్వర్ మొదలగువారు స్వదేశీ కవాటమునకై యేండ్ల తరబడి శ్రమించిరి. వారి తొలి మూడు నమూనాలు విఫలమయ్యెను. నాల్గవది, లోహపు చట్రములో దృఢమైన పాలిథిలీను పళ్ళెము వంగి తెరచుకొనునది, 1990 డిసెంబరు 6న తొలిసారి రోగికి అమర్చబడెను. టీటీకే చిత్ర కవాటమను పేర అది లక్షకు పైగా హృదయములలో నిలిచినది. మూడు నమూనాలు చెడినను పని విడువని ఆ బృందమునకు ఈ దేశపు పేదరోగులు ఋణపడియున్నారు.

యాంత్రిక కవాటము అమర్చుకొనినవారికి రాత్రివేళ ఇల్లు సద్దుమణిగినపుడు తమ రొమ్ములోని టిక్కు టిక్కు శబ్దము తమకే వినబడుచుండుట కలదు. అది కవాటము సక్రమముగా మూసికొనుచున్న ధ్వనియే. అట్టివారు వార్ఫరిను వంటి మందును జీవితాంతము వాడవలెను. ఐఎన్ఆర్ అను రక్తపరీక్షలో ద్విపత్ర స్థానమున నున్నవారికి అంకె 2.5కును 3.5కును నడుమ నుండునట్లు మోతాదును సరిచూచుకొనుచుండవలెను. అంకె తగ్గినచో కవాటముపై గడ్డ, పెరిగినచో రక్తస్రావము. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు ఈ మందు బలమును తగ్గించును. వానిని మానవలసిన పనిలేదు, ఒక వారము విడిచి మరియొక వారము విపరీతముగా తినక సమముగా తినిన చాలును. ఒళ్ళునొప్పులకు ఊరి ఆర్ఎంపీ వద్ద మాత్రగాని సూదిమందుగాని తీసికొనుటయే ఎక్కువ ప్రమాదము. నొప్పి మందులలో పెక్కులు వార్ఫరినుతో కలిసి కడుపులో రక్తస్రావము కలిగించును. జంతు కణజాలముతో చేసిన కవాటమునకు ఈ మందు ఎల్లకాలము అక్కరలేదు గాని, యువకులలో అది శీఘ్రముగా శిథిలమై రెండవ శస్త్రచికిత్సను కోరును.

స్త్రీల విషయమున ఈ ఎంపిక మరింత కఠినమైనది. గర్భధారణమున రక్తపు పరిమాణము నూటికి 40 నుండి 50 పాళ్ళు పెరుగును. అంతవరకు దాగియున్న లీకు అపుడు ఆయాసమై బయటపడును. స్వల్పమైన లీకును గర్భిణి దేహము చాలవరకు సహించునుగాని, జఠరిక ముందే అలసియున్నచో తల్లికే ముప్పు. వార్ఫరిను గర్భపు తొలి మాసములలో శిశువునకు అంగవైకల్యము కలిగింపవచ్చును. దానిని ఆపినచో తల్లి కవాటమున గడ్డకట్టవచ్చును. ఇరువైపుల అపాయమున్న ఈ స్థితిలో ఏ మందును ఏ వారమున మార్చవలెనో నిర్ణయించుటకు గర్భము నిలుచుటకు ముందే హృదయవైద్యుని సలహా కావలెను. పెండ్లి సంబంధము చెడునను భయమున కూతురి గుండెరోగమును దాచు కుటుంబములు ఆ బిడ్డకు తెలియకయే గొప్ప ద్రోహము చేయుచున్నవి.

ఈ ప్రాంతమున వైద్యసౌకర్యములు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును పూర్వపు కరీంనగరము జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు ప్రత్యేక జిల్లాలయ్యెను, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరెను. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. కాని కవాటపు శస్త్రచికిత్సకై ఇచటివారు చిరకాలమునుండి హైదరాబాదునకు పోవుట పరిపాటి: నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులకు. జగిత్యాలనుండి ఆ దూరము సుమారు 200 కిలోమీటర్లు. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాస్త్ర సంస్థ ఉచితముగా గుండె శస్త్రచికిత్సలు చేయుటతో, తెలుగునాట నలుమూలలనుండి పేదలు అచటికి పయనమైరి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై క్రమముగా రాష్ట్రమంతటను వ్యాపించిన ఆరోగ్యశ్రీ పథకము కవాట మార్పిడిని పేదకుటుంబముల చేతికందునట్లు చేసినది. అంతకుముందు ఆ ఖర్చు భూమి నమ్మించునది. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంచినది. గల్ఫు దేశములకు పోవ యత్నించు యువకులకు తప్పనిసరియైన వైద్యపరీక్షలో మొదటిసారిగా మర్మరము వినబడుటయు కలదు. అప్పటికే ఏజెంటునకు అప్పుచేసి డబ్బు కట్టియున్న ఇంటిలో అది రెండింతల దుఃఖము.

నివారణము

శస్త్రచికిత్సను గూర్చి ఇంత వ్రాసితిమిగాని, ఈ ప్రాంతమునకు అంతకంటె ముఖ్యమైనది ఒక పాతకాలపు సూదిమందు. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలోపల పెన్సిలిను పడినచో కీళ్ళవాత జ్వరము రాకుండ ఆపవచ్చును. ఒకసారి జ్వరము వచ్చినవారికి మరల రాకుండుటకు బెంజథీను పెన్సిలిను, పెద్దపిల్లలకును వయోజనులకును 12 లక్షల యూనిట్ల చొప్పున, మూడు నాలుగు వారములకొకసారి కండరములోనికి ఈయవలెను. కవాటము చెడియున్నచో కనీసము పది సంవత్సరములు, తరచుగా నలుబదవ యేడు వచ్చువరకు ఇది సాగవలెను. మందు చిక్కగా నుండుటచే సూది నొప్పి అధికము. బిడ్డ ఏడ్చును, తల్లి మనసు కరగును, నెలలు తప్పిపోవును. పెన్సిలిను వికటించునను భయమున ఈ సూది వేయుటకు నిరాకరించు వైద్యశాలలును కలవు. నిజమునకు తీవ్రమైన వికటము చాల అరుదు. వేయకపోవుట వలన చెడిన కవాటములు అసంఖ్యాకములు.

లీకు వినబడక, ఎకోలో మాత్రమే కనబడు తొలిదశలో ఈ మందు పనిచేయునా యను సందేహమునకు ఉగాండాలో జరిగిన పరీక్ష సమాధానము చెప్పినది. 2021లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, 5 నుండి 17 ఏండ్ల పిల్లలలో రెండు సంవత్సరములకు, నెలనెల సూదిమందు పొందినవారిలో నూటికి 0.8 మందికి, పొందనివారిలో 8.2 మందికి వ్యాధి ముదిరినది. కాబట్టి తొందరగా కనుగొనుట వృథా కాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, బడులకును అంగన్వాడీలకును వచ్చు వైద్యబృందములు చూడవలసిన 30 అవస్థలలో కీళ్ళవాతపు గుండెజబ్బు ఒకటి. ఆ బృందము వచ్చిన దినమున బిడ్డను బడికి పంపుటయు, గత సంవత్సరము బిడ్డ మోకాలు వాచిన సంగతిని వారికి చెప్పుటయు తల్లిదండ్రుల చేతిలోని పని. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకును బాలికలకును ఛార్జీ లేదు గనుక, మూడు వారములకొకసారి సూదికై జగిత్యాలకో సిరిసిల్లకో పోవలసిన ఆడపిల్లకు దారిఖర్చు అడ్డము కాజాలదు. కూలి పోవునను బాధ మాత్రము తల్లికి మిగిలియేయున్నది. ఊరి ఆరోగ్య ఉపకేంద్రములోనే ఈ సూది వేయు ఏర్పాటు నియమముగా సాగినచో ఆ బాధయు తీరును.

కవాటము మార్పించుకొని వచ్చినవారు తమకిక ఈ సూదితో పనిలేదని తలచుట తరచుగా జరుగు పొరపాటు. మార్చినది ఒక కవాటము. తక్కిన మూడును తమ సొంతవియే, కీళ్ళవాత జ్వరము మరల తగిలినచో అవి చెడును. అట్లే పన్ను పీకించుకొనునపుడు, చిగుళ్ళకు శస్త్రము చేయించుకొనునపుడు, తమకు కృత్రిమ కవాటమున్నదని దంతవైద్యునికి ముందుగా చెప్పి, గంట ముందు యాంటీబయాటిక్ మందు తీసికొనవలెను. నోటిలోని సూక్ష్మజీవులు రక్తములో చేరి ఆ కవాటముపై నిలిచినచో తిరిగి గుండెను తెరువవలసిన అవసరము కలుగవచ్చును.